పేడ అంటని బూట్లు

కార్బీ, నెబ్రాస్కా
ఏప్రిల్, 1959

ఒరేయ్ డెల్,

మొన్న శనివారం నువ్వు రాసిన లాయరు కథ వేసినప్పుడు నీ పేరు టీవీలో చూశాం. చూశాం అంటే, నేను "అదిగో, అదిగో" అనేలోపు పోయింది. "ఈ అక్షరాలు మనుషులకు వేశారా, చీమలకు వేశారా?" అన్నాడు మీ బావ. అన్నాడే గానీ నీ పేరు పడ్డాక కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాడు. పక్క పొలం మిసెస్ ఊల్రిచ్ అయితే హంతకుడెవరో తనకు ముందే తెలుసని ఇప్పటికి ఊరంతా చాటి ఉంటుంది. నాకు మాత్రం ఆఖర్న కోర్టులో వాడు లేచి నిలబడి "అవును, నేనే చంపాను!" అని ఏడ్చేదాకా తెలియలేదు. ఎవరైనా అలా నలుగురిలో ఒప్పుకుంటారట్రా? మన ఊళ్లో పక్కింటి కోడిని తమ కారు తొక్కినా ఒప్పుకోరు.

అసలు సంగతికి వస్తాను. ఇది ఫోనులో చెప్పే మాట కాదు. మా ఫోను తీగ ఎనిమిది ఇళ్లకూ ఒకటే, ఎవరు ఎత్తినా అందరి మాటలూ వినిపిస్తాయి. నేను తుమ్మితే మూడు ఇళ్ల నుంచి దీవెనలు వస్తాయి.

మీ బావ ఆర్లో వారం విడిచి వారం గురువారం పూట ఒమాహా పట్నం వెళ్తున్నాడు. ఎందుకంటే పశువుల సంతలో ధరలు కనుక్కోవడానికట. ఆ ధరలు రోజూ మధ్యాహ్నం రేడియోలో చెబుతారు. పోనీలే, మగవాళ్లకు నలుగురితో మాట్లాడాలని ఉంటుంది అనుకున్నాను. కానీ ఒరేయ్, ఆయన బూట్లు తుడిచేది నేను. సంతకు వెళ్లొచ్చిన మనిషి బూట్లకు పేడ అంటుతుందా, అంటదా? ఆయనవి వెళ్లేటప్పుడు ఎలా మెరుస్తున్నాయో వచ్చేటప్పుడూ అలాగే మెరుస్తున్నాయి. ఆ రోజు గడ్డం కూడా ఒకటికి రెండుసార్లు గీసుకుంటాడు.

ఆయన్నే అడగొచ్చుగా అంటావు. అడిగితే ఏం చెబుతాడో అని భయం. అందుకని గుడ్లు అమ్మిన డబ్బులతో ఒమాహాలో ఒక ప్రైవేటు డిటెక్టివును పెట్టాను. పేరు విల్లర్డ్ స్లోకమ్. నవ్వావంటే చంపేస్తాను.

అమ్మ పోయాక నీ ముక్కు తుడిచి పెంచినదాన్ని. ఈ ఊళ్లో ఇంకెవరికీ చెప్పుకోలేను. ఇది నీ దగ్గరే ఉంచు.

మీ అక్క
వెర్నా

---

హాలీవుడ్, కాలిఫోర్నియా
ఏప్రిల్ ఆఖరు

అక్కా,

నవ్వలేదు, ఒట్టు. కోడి దగ్గర కొంచెం నవ్వాను, అంతే.

బావకు ఇంకో ఆడమనిషా? నిన్ను పెళ్లికి అడగడానికే ఆయనకు రెండు పంటలు పట్టాయి! కానీ ఆ బూట్ల మాట ఉంది చూశావూ, అది చదివి లేచి గదంతా తిరిగాను. మా లాయరు కోర్టులో వేసే ప్రశ్నలన్నీ దాని ముందు దిగదుడుపే.

నా సంగతి ఏం చెప్పను. మా కథల లెక్క నీకు తెలిసిందే. మోసగాడైన డిటెక్టివు ఒకడు సగం దాకా బతుకుతాడు. వాణ్ణి ఎవరో చంపేస్తారు. అమాయకులెవరో పట్టుబడతారు. మా లాయరు విడిపిస్తాడు. అయితే నా డిటెక్టివులు ఒట్టి అట్టముక్కలని మా కథల పెద్దాయన గొడవ. "టోపీ ఉంది, సిగరెట్టు ఉంది, లోపల మనిషేడయ్యా?" అని నలుగురి ముందు నా కాగితాలు బల్ల మీద పారేశాడు. వచ్చే సీజనుకు నన్ను ఉంచుకుంటారో లేదో ఈ వేసవిలో తేలుతుంది. ఉంచుకోకపోతే మళ్లీ పెట్రోలు బంకే.

ఆ స్లోకమ్ ఎలా ఉంటాడు? ఎలా మాట్లాడతాడు? మీ వంటింట్లో ఎక్కడ కూర్చున్నాడు? అన్నీ వివరంగా రాయి. నా కోసం కాదు. రాస్తే నీ గుండె బరువు తగ్గుతుంది.

నీ తమ్ముడు
డెల్

---

కార్బీ
మే

ఒరేయ్ డెల్,

నువ్వు అడిగావని రాస్తున్నాను. నీ మాట నిజమే, రాస్తుంటే గుండెలో నుంచి ఏదో దిగినట్టుంది.

స్లోకమ్‌ని చూస్తే డిటెక్టివు అనుకోవు, శవపేటికలు అమ్మేవాడు అనుకుంటావు. చేతులు తెల్లగా, మెత్తగా ఉంటాయి. ఆర్లో పొలంలో ఉన్నప్పుడు వచ్చాడు. వంటింట్లో ఆర్లో కుర్చీలోనే కూర్చున్నాడు. పొద్దున కాల్చిన తీపి రూబార్బ్ 'పై' పెడితే రెండు ముక్కలు తిన్నాడు. తింటూనే, "అమ్మా, ఇలాంటి పై చేసే ఇల్లాలిని వదిలి వెళ్లేవాడికి కళ్లు లేవో, నాలుక లేదో!" అన్నాడు. ఆ మాటతో నాకు ఏడుపు వచ్చేసింది. వాడు జేబురుమాలు తీసి ఇచ్చాడు. ఇస్త్రీ చేసినది. "నా పని చెడ్డదమ్మా, నేను మాత్రం చెడ్డవాణ్ణి కాను" అన్నాడు. వాళ్లమ్మ కూడా ఇలాగే ఏడ్చేదట. ఆవిడ మాట చెప్పేటప్పుడు వాడి కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి.

తరవాత చెప్పాడు. ఒమాహాలో ఒకావిడ ఉందట. ఎర్రజుట్టు. పేరు డొలోరిస్. వీధి, ఇంటి నంబరు కూడా చెప్పాడు. ఫోటోలు తీయాలంటే ఇంకా కొన్ని గురువారాలు, వాటికి డబ్బు కావాలన్నాడు. ఇచ్చాను.

రాత్రి భోజనం దగ్గర ఆర్లో "ఎవరైనా వచ్చారా? పై తగ్గిందేం?" అన్నాడు. ఊల్రిచ్ ఆవిడకు ఇచ్చానని చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనతో చెప్పిన మొదటి అబద్ధం అది.

నీ అక్క
వెర్నా

---

హాలీవుడ్
మే

అక్కా,

"కళ్లు లేవో, నాలుక లేదో!" వాడు నిజంగా అలాగే అన్నాడా? అవే మాటలా?

మనసు రాయి చేసుకో. నాకు ఆ డొలోరిస్ మీద నమ్మకం కుదరడం లేదు. ఎర్రజుట్టు అనగానే టీవీ వాసన వస్తోంది. ఇలాంటి ఎర్రజుట్టు వాళ్లను నేనే నలుగుర్ని పుట్టించాను. నువ్వే బస్సెక్కి వెళ్లి ఆ ఇల్లు చూసిరా. అక్కడ ఏం జరిగినా, ఎవరు ఏమన్నా, ఒక్క మాట వదలకుండా వెంటనే రాయి.

డెల్

---

కార్బీ
జూన్

డెల్,

వెళ్లాను. ఊల్రిచ్ ఆవిడతో పంటి డాక్టరు దగ్గరికని చెప్పాను.

ఆ నంబరులో ఇల్లు లేదురా. చాకలి దుకాణం ఉంది. ఎర్రజుట్టు కాదు కదా, అసలు జుట్టే లేని ముసలాయన కోట్లు ఇస్త్రీ చేస్తున్నాడు. అట్నుంచి అటే స్లోకమ్ ఆఫీసుకు వెళ్లాను. చెప్పుల కొట్టు మేడ మీద. నన్ను చూసి వాడు కంగారు పడలేదు, లేవనూ లేదు. "చాకలాయన దగ్గరికి వెళ్లొచ్చారా? పాపం, చాలా మంచివాడు" అన్నాడు.

నేను అరిచాను. వాడు అరవనిచ్చాడు. తరవాత అన్నాడు: "మీ ఆయన వెళ్లేది పిచ్చాసుపత్రికమ్మా. వాళ్లమ్మ దగ్గరికి. మొదటి గురువారమే కనిపెట్టాను. చెప్పండి, దానికంటే ఎర్రజుట్టు నయం కాదూ?"

డెల్, మా అత్తగారు మా పెళ్లికి ముందే కొలరాడోలో క్షయతో పోయిందని కదా అందరికీ తెలుసు! మామగారు మూసిన పెట్టె తెచ్చి ఇక్కడ చర్చి వెనక పూడ్పించాడు, రాయి వేయించాడు. సమాధులకు పూలు పెట్టే రోజు ఏటా మే నెలలో నేనే మా పెరట్లో పియనీ పూలు కోసి ఆ రాయి ముందు పెడతాను. పోయిన శనివారం కూడా పెట్టాను. ఆర్లో నా పక్కనే టోపీ తీసి నిలబడ్డాడు. ఆ రాయి కింద ఏమీ లేదు. ఆవిడ బతికే ఉంది. కొడుకు ఎవరో ఆవిడకు తెలియదు. ఆయన వెళ్లి, కాసేపు కూర్చుని, ఆవిడ గోళ్లు కత్తిరించి వస్తాడట. అందుకేరా ఆ బూట్లకు పేడ లేనిది.

ఇంకా ఉంది. ఈ సంగతి ఊళ్లో చెప్పేస్తానని బెదిరించి స్లోకమ్ ఆర్లో దగ్గర కూడా డబ్బు లాగుతున్నాడట, వాడే చెప్పాడు. ఆర్లోకు వాణ్ణి పెట్టింది నేనని తెలియదు. వాణ్ణి ఎవడో పత్రికల మనిషి అనుకుంటున్నాడు. నేను వచ్చేస్తుంటే స్లోకమ్ తలుపు తీసి పట్టుకుని, నవ్వుతూ అన్నాడు: "మీ ఇద్దరిలో ఎవరు ముందు రెండోవారికి చెబుతారో చూడాలని నాకు భలే సరదాగా ఉందమ్మా."

ఇప్పుడు నన్నేం చేయమంటావు? ఆయన కాళ్ల మీద పడి అంతా చెప్పేయాలని ఉంది. డిటెక్టివును పెట్టానని తెలిస్తే ఆయన ఎలా తట్టుకుంటాడో తెలియదు. అయినా నా నోటితో నేను చెప్పడం వేరు కదా? నువ్వు నలుగురిలో తిరిగినవాడివి. నువ్వు ఎలా అంటే అలా చేస్తాను.

వెర్నా

---

హాలీవుడ్
జూన్

అక్కా,

చెప్పకు.

ఇప్పుడు వద్దు. పంట చేలో ఉంది, మనిషి అసలే అలసి ఉంటాడు. ఇలాంటి దెబ్బ ఒకేసారి వేయకూడదు. కోతలు కానీ, ధాన్యం లోపలికి చేరనీ, అప్పుడు ఇద్దరం కలిసి ఎలా చెప్పాలో ఆలోచిద్దాం. స్లోకమ్‌కి ఇక ఒక్క పైసా ఇవ్వకు. నీ తమ్ముడికి లాయర్లు తెలుసని రాసి పడెయ్. టీవీ లాయర్లని రాయకు.

ఆ రాయి మీద ఏం చెక్కించారు? ఊరికే అడుగుతున్నాను.

నీ క్షేమం కోరే
డెల్

---

కార్బీ
ఆగస్టు

ఒరేయ్ డెల్,

రాయి మీద "ప్రియమైన తల్లి, ఇక నొప్పి లేదు" అని ఉంది. ఎందుకు అడిగావో నాకు తెలియదు.

నువ్వు చెప్పినట్టే స్లోకమ్‌కి ఉత్తరం రాశాను. అంతే, మళ్లీ గుమ్మం తొక్కలేదు. ఆర్లో కూడా ఈమధ్య కాస్త తేలిగ్గా కనిపిస్తున్నాడు. బహుశా ఆయన్నీ వదిలిపెట్టి ఉంటాడు. మొన్న సాయంత్రం మెట్ల మీద కూర్చుని మొక్కజొన్న కంకులు వలుస్తుంటే, ఉన్నట్టుండి "వెర్నా, నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు. ఇంకో కంకి చేతిలోకి తీసుకుని, "కోతలయ్యాక చెబుతాలే" అన్నాడు. నేనూ "సరే, కోతలయ్యాక" అన్నాను. నీ మాట గుర్తొచ్చి నోరు కుట్టేసుకున్నాను గానీ లేకపోతే ఆ క్షణమే చెప్పేసేదాన్ని.

నువ్వు లేకపోతే ఈ వేసవి ఎలా గడిచేదో.

నీ అక్క
వెర్నా

---

హాలీవుడ్
అక్టోబరు

అక్కా,

ఇక్కడ పని తలకు మించి ఉంది, అందుకే ఇన్నాళ్లూ రాయలేదు. నన్ను ఇంకో ఏడాదికి ఉంచుకున్నారు. పెద్దాయన భుజం తట్టాడు.

ఈ శనివారం వచ్చేది నేను రాసిందే. అంత గొప్పగా రాలేదు, చాలా మార్చేశారు. చూడకపోయినా ఏమీ పోదు. ఆ రోజు చర్చిలో విందేదో ఉంటుందిగా, ఇద్దరూ అటు వెళ్లండి.

డెల్

---

కార్బీ
నవంబరు

డెల్,

ఇది రాయడానికి మూడు వారాలు పట్టింది. మొదట రాసినవన్నీ పొయ్యిలో వేశాను.

నువ్వు చూడొద్దంటే సిగ్గుపడుతున్నావనుకున్నాను. చిన్నప్పుడు బడిలో పద్యం చదవమంటే బల్ల కింద దూరేవాడివి కదా, అలాగేలే అనుకుని అందరినీ పిలిచాను. ఊల్రిచ్ దంపతులు, పాస్టరుగారు, ఆయన భార్య, ఆర్లో పిన్ని. ఒక్కొక్కరూ ఒక్కో గిన్నె తెచ్చుకున్నారు. ఆర్లో తానే కుర్చీలన్నీ వేశాడు. నీ పేరు పడగానే చప్పట్లు కొట్టింది ముందు ఆయనే.

నీ కథలో రైతు పేరు హోమర్, అతని మీద డిటెక్టివును పెట్టేది భార్య. ఊరు కాన్సస్‌లో ఉంది. పశువుల బదులు పందులు. నేను నవ్వుతూనే చూస్తున్నాను. ఇంతలో ఆ డిటెక్టివు వంటింట్లో రైతు కుర్చీలో కూర్చుని, పై తింటూ, "కళ్లు లేవో, నాలుక లేదో" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నా చేతిలో కాఫీ ఒలికిపోయింది. ఆ తరవాత రైతు భార్య ఒక సమాధి ముందు గులాబీలు పెట్టింది. రాయి మీద అక్షరాలు ఎంత పెద్దవిగా చూపించారని! ఇవి మాత్రం చీమలకు కావు. ఆర్లో పిన్ని వాటిని పైకి చదివింది. చదివి ఆగిపోయింది. అవి మా చర్చి వెనక అందరూ చూసిన అక్షరాలే.

నేను లేచి టీవీ కట్టేయబోయాను. "ఉండనీ" అన్నాడు ఆర్లో.

అందుకని అంతా చూశాం. మీ లాయరు ఆ రైతును నిలబెట్టి, సంతకు వెళ్లొచ్చిన బూట్లకు పేడ ఎందుకు లేదని అడిగాడు. ఆ రైతు బోను చెక్కను రెండు చేతులా పట్టుకుని, మా అమ్మ పిచ్చిది, అది ఊరికి తెలియకూడదని డిటెక్టివును నేనే చంపాను అని భోరున ఏడ్చాడు. మీ బావను హంతకుణ్ణి చేశావు. ఆయన కోళ్లను కోయడానికి కూడా నన్నే పిలుస్తాడు.

అందరూ లేచారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. తెచ్చిన గిన్నెలు కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు. అవి ఇంకా నా బల్ల మీదే ఉన్నాయి, కడిగిపెట్టాను, ఒక్కరూ వచ్చి అడగలేదు.

ఆర్లో నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కుర్చీలన్నీ మడిచి గోడకు ఆనించాడు. "ఆ స్లోకమ్ అనేవాణ్ణి నేను ఎందుకు భరించానో తెలుసా?" అన్నాడు. "నీకు తెలియకూడదని. వాణ్ణి తెచ్చింది నువ్వేనన్నమాట." నేను ఏదో చెప్పబోయాను. "నన్ను అడగాల్సింది, వెర్నా. ఒక్కసారి బూట్లు చూపించి, ఇవేంటి అని అడిగి ఉంటే, అక్కడే కూర్చుని చెప్పేసేవాణ్ణి."

కోతలయ్యాక చెప్పాలనుకున్నది అదేనట.

మరుసటి వారం వెళ్లి వాళ్లమ్మను ఇంటికి తెచ్చాడు. ఇంకెవరి దగ్గర దాచాలి? కింది గదిలో ఆవిడ మంచం పక్కనే తానూ పడుకుంటున్నాడు. నాతో మాటంటే ఉప్పు, పాలు, తాళాలు, అంతవరకే. ఆవిడకు స్నానం నేనే చేయిస్తాను. నన్ను ఎవరో అనుకుని రోజంతా ఏదో చెబుతూనే ఉంటుంది. ఈ ఇంట్లో నాతో మాట్లాడేది ఆవిడ ఒక్కతే.

స్లోకమ్ డబ్బు పుచ్చుకుని అబద్ధాలు చెప్పాడు. నువ్వు నా నిజాలు పుచ్చుకుని అమ్ముకున్నావు. వాడు పరాయివాడు, వాడి మీద నాకు కోపం కూడా పోయింది. మా ఇద్దరిలో ఎవరు ముందు చెబుతారో చూడాలన్నాడు చూడు, ఇద్దరం చెప్పలేదురా. నువ్వు చెప్పావు. చెప్పకు, చెప్పకు అని నా నోరు నొక్కి, నువ్వు దేశమంతటికీ చెప్పావు.

ఎందుకు చేశావు? అది ఒక్కటి రాయి.

వెర్నా

---

హాలీవుడ్
నవంబరు

అక్కా,

నీ ఉత్తరం పట్టుకుని రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. నేను వెధవని. నువ్వు ఇంకేం అన్నా పడతాను.

కానీ నా మాట కూడా విను. నేను జాగ్రత్త పడ్డాను, అక్కా. ఇక్కడ పేర్లు సరిచూసే ఆవిడ ఒకరు ఉన్నారు. కథలో ప్రతి పేరూ ఫోను పుస్తకాల్లో వెతికి, అలాంటి మనిషి ఎక్కడా లేడని తేల్చాకే దాటనిస్తారు. అన్నీ దాటాయి. రాష్ట్రం మార్చాను, పశువుల్ని మార్చాను, పూలు మార్చాను. ఇన్ని మార్చాక అది మీ కథ కాదని నాకే నమ్మకం కుదిరింది. మాటలు ఎవరూ సరిచూడరు. అవి మార్చడానికి నాకు చెయ్యి రాలేదు. అలాంటివి నేను పుట్టించలేను.

బావను హంతకుణ్ణి చేయాలని నేను అనుకోలేదు. మొదట భార్యే చంపినట్టు రాశాను. కార్యక్రమానికి డబ్బు పెట్టే సబ్బు కంపెనీ వాళ్లు వద్దన్నారు. ఇల్లాళ్లు చూసే కార్యక్రమంలో ఇల్లాలు హత్య చేస్తే సబ్బులు ఎవరు కొంటారన్నారు. చాకలాయన్ని చేద్దామంటే కారణం దొరకలేదు. ఎవరో ఒకరు ఒప్పుకోవాలి కదా, టైము అయిపోతోంది. అంతకు ముందు నిన్ను చెప్పొద్దన్నది నీ మంచికే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నువ్వు చెప్పేస్తే మీ ఇద్దరూ రాజీపడిపోయి కథ అక్కడితో తేలిపోతుందన్న ఆలోచన కూడా వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను.

బావకు ఉత్తరం రాయమన్నా రాస్తాను. వచ్చి కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను. నువ్వు మాత్రం నాకు రాయడం మానకు. నాకు ఉన్నది నువ్వు ఒక్కతివే.

మీ అత్తగారు నిన్ను ఎవరనుకుంటోంది? రోజంతా ఏం చెబుతుంటుంది? ఏదైనా ఒకే మాట మళ్లీ మళ్లీ అంటుందా?

నీ తమ్ముడు
డెల్

---

కార్బీ, నెబ్రాస్కా
డిసెంబరు, 1959

శ్రీ డెల్బర్ట్ గారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ పోయిన వారం మంచు పడింది. మొక్కజొన్న అంతా లోపలికి చేరింది. మేము అందరం కులాసా. మీరు కూడా అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఇట్లు
మిసెస్ ఆర్లో రీమర్స్